టీకాల గురించి అడిగితే అందరూ "మంచివే" అంటున్నారు, ఇంట్లో నిజంగా ఏమనుకుంటున్నారో తెలుసుకునేదెలా?

పీజీ_కమ్యూనిటీమెడిసిన్:

అందరికీ నమస్కారం అండి. నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను, థీసిస్ టాపిక్ వచ్చేసి చిన్నపిల్లల టీకాల మీద ఇళ్ళల్లో ఉన్న అభిప్రాయాలు. ఊళ్ళేమో ఆదోని, కోసిగి వైపు. ఆ ప్రాంతం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ పంట పనులు అయిపోగానే చాలా కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయ కోతలకి వెళ్ళిపోతాయి, చంటిపిల్లల్ని కూడా వెంట తీసుకెళ్తారు.

ముందు చిన్నగా చేసి చూసే పైలట్‌కి ఐదు ఆప్షన్ల ప్రశ్నావళి పట్టుకెళ్ళాం, అంటే "టీకాలు పిల్లలకి మేలు చేస్తాయి", "టీకాల వల్ల హానే ఎక్కువ" లాంటి వాక్యాలు చదివి వినిపించి పూర్తిగా ఒప్పుకుంటారా, కొంచెం ఒప్పుకుంటారా అని అడిగే టైపు. దాదాపు అందరూ "మంచివే మేడం, వేయించాల మేడం" అన్నారు. ఒకదానికొకటి పడని రెండు వాక్యాలకీ అవునవునని తలూపినవాళ్ళు కూడా ఉన్నారు. అదే ఇంట్లో కార్డు తీసి చూస్తే ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటా రెండో డోసు దగ్గర ఆగిపోయి ఉంటుంది, తట్టు, రుబెల్లాలకి వేసే ఎంఆర్ గడి ఖాళీ. ఈ డేటాతో నేను రాయగలిగింది "అవగాహన బాగుంది, అయినా వేయించట్లేదు" అనే ఒక్క వాక్యం, అది రాయడానికి థీసిస్ ఎందుకు.

మా గైడ్ గారు ప్రశ్నావళే ఉంచు, శాంపిల్ పెంచు అంటున్నారు, కో-గైడ్ గారేమో ఇంటర్వ్యూలు చెయ్యి అంటున్నారు. తల్లినొక్కదాన్నే అడగాలా ఇంట్లో ఇంకెవర్నైనా అడగాలా, ఎంతమందితో మాట్లాడితే సరిపోతుంది, ఆశా వర్కర్‌ని వెంట తీసుకెళ్ళాలా వద్దా, ఇవే నా డౌట్లు. ఫీల్డ్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా చెప్తే చాలా మేలు చేసినవాళ్ళవుతారు.

సర్వే_మాస్టారు:

అమ్మా, మీ ప్రశ్నావళికి వచ్చిన జవాబులు తప్పుడు జవాబులు కావు, మీరు అడిగిన ప్రశ్నకి మర్యాద తెలిసిన మనిషి చెప్పే జవాబులవి. మెడలో స్టెతస్కోపు ఉన్నా లేకపోయినా మీరు ఆ ఊరికి డాక్టరమ్మే, డాక్టరమ్మ ఇంటికొచ్చి టీకాలు మంచివేనా అని అడిగితే కాదని ఎవరంటారు. శాంపిల్ రెట్టింపు చేస్తే అదే మర్యాద రెట్టింపు వస్తుంది అంతే.

నేను చెప్పేది ఒక్కటే, అభిప్రాయం అడగడం మానేసి జరిగింది అడగండి. కార్డు చేతిలో పెట్టుకుని "ఈ డోసు వేయించిన రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పమ్మా" అనండి. ఎవరు గుర్తుచేశారు, ఎవరు తీసుకెళ్ళారు, ఆ రోజు కూలి పోయిందా, అక్కడ ఎంతసేపు కూర్చోవాల్సొచ్చింది, తిరిగొచ్చాక రాత్రి పిల్లాడు ఎలా ఉన్నాడు, ఇంట్లో ఎవరు ఏమన్నారు. తర్వాత వేయించని డోసు దగ్గరికి రండి, అదే పద్ధతిలో, ఆ టీకాల బుధవారం ఇంట్లో ఏం జరిగింది. ఎందుకు వేయించలేదు అని మాత్రం అడక్కండి, ఎందుకు అన్న మాట వినగానే మనిషి సంజాయిషీ చెప్పుకోవడంలో పడిపోతుంది.

ఆరు వారాల విజిట్‌ని మాత్రం నిదానంగా అడగండి. ఆ ఒక్కరోజే ఆ పసిగుడ్డుకి ఒక తొడకి పెంటా, రెండో తొడకి న్యుమోనియా టీకా పీసీవీ, కుడి భుజానికి పోలియో సూది ఎఫ్‌ఐపీవీ, ఇవికాక నోట్లో పోలియో చుక్కలు, విరేచనాల జబ్బుకి రోటా చుక్కలు. మూడు సూదులు ఒకేసారి చూసిన తల్లికీ, ఇంటి దగ్గర ఉండి రాత్రంతా ఏడుపు విన్న నాయనమ్మకీ అప్పుడు పుట్టిన ఆలోచనే పదో వారం డోసుని నిర్ణయిస్తుంది. పెంటాలో కోరింతదగ్గు భాగం వల్ల జ్వరం రావడం మామూలే అని మనకి తెలుసు, ఆ ఇంట్లో ఎవరైనా ముందే చెప్పారా లేదా అన్నదే మీరు పట్టుకోవాల్సింది.

ఇంకోటి, వేయించనివాళ్ళంతా వద్దనుకున్నవాళ్ళని అనుకోకండి. రాజస్థాన్ ఉదయపూర్ జిల్లాలో ఆర్థికవేత్తలు బెనర్జీ, డఫ్లో వాళ్ళు సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 134 ఊళ్ళల్లో చేసిన స్టడీ 2010లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది, చదవండి. ఏమీ అదనంగా చేయని ఊళ్ళల్లో అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు 6 శాతం, ప్రతి నెలా తప్పకుండా క్యాంపు పెట్టిన ఊళ్ళల్లో 18 శాతం, క్యాంపుతో పాటు వచ్చినప్పుడల్లా కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక కంచాల సెట్టు ఇచ్చిన ఊళ్ళల్లో 39 శాతం. టీకా అంటే నిజంగా భయపడే తల్లి కిలో పప్పు కోసం బిడ్డని సూదికి ఇవ్వదు కదా. అంటే అక్కడ చాలామందిది వ్యతిరేకత కాదు, వచ్చే నెల చూద్దాంలే అనే వాయిదా. కానీ పప్పు ఇచ్చినచోట కూడా సగానికి పైగా పిల్లలకి పూర్తి కాలేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి, ఆ మిగిలినవాళ్ళ దగ్గరే మీ థీసిస్‌కి పని.

ప్రశ్నావళి పూర్తిగా పారెయ్యమని కాదు. టీకాల విషయంలో మనుషుల తీరు తెలుసుకోవడానికి డబ్ల్యూహెచ్‌ఓ 2022లో ఇచ్చిన బీఈఎస్‌డీ టూల్స్ చూడండి, అందులో నాలుగు భాగాలున్నాయి, టీకా గురించి మనిషి అనుకునేదీ దాని మీద కలిగే భావమూ, చుట్టూ ఉన్నవాళ్ళ ప్రభావం, వేయించాలన్న ఉద్దేశం, చేరడంలో వచ్చే ఇబ్బందులు. పిల్లల టీకాలకి సర్వే ప్రశ్నలూ ఉన్నాయి, ఇంటర్వ్యూ గైడూ ఉంది. కాకపోతే ముందు ఇంటర్వ్యూలు చెయ్యండి, అందులో వాళ్ళ నోటివెంట వచ్చిన మాటలతో సర్వే ప్రశ్నలు సరిచేసుకోండి, ఆ తర్వాతే శాంపిల్ లెక్క. మీ ఇద్దరు గైడ్‌లకీ ఇలా చెప్తే ఇద్దరూ ఒప్పుకుంటారు.

ఏఎన్ఎం_పాలమూరు:

మేడం నేను సబ్ సెంటర్ల ఏఎన్ఎంగ, అంటె టీకాలేసే నర్సుగ చేస్తున్న, మాది పాలమూరు దిక్కు, మా దగ్గర కూడ వలస మస్తుంటది. మీరు అడిగిన దాంట్ల నాకు తెలిసింది చెప్త.

ఆశాను ఎంటబెట్టుకొని ఇంటర్వ్యూకి పోకండి. ఊర్లకు పోనీకి, ఇల్లు చూపియ్యనీకి ఆమె కావాలె, ఆమె లేకుంటే మిమ్మల్ని ఎవరు లోపలికి రానియ్యరు, కానీ ఇల్లు చూపిచ్చినంక ఆమెను పంపియ్యండి. ఆమె ముంగట కూసుంటే ఆమె పిలవలేదని ఎట్ల చెప్తరు, రేపు కాన్పుకు దవాఖానకు ఆమెతోనే పోవాలె గద. నేనుంటే ఇంక అసలే చెప్పరు. అట్లనే బుధారం శనారం పోకండి, ఆ రోజులు టీకాలు ఉంటయి గనక మీరు కూడ పిల్లగానికి సూది ఏస్తందుకే వచ్చిన్రని లోపట దాసుకుంటరు.

ఇంట్ల తల్లి ఒక్కదాన్ని అడిగితే అయ్యేది కాదు మేడం. కోడలికి టీకా కావాలనే ఉంటది, స్కూలు కాలేజీ చదివిన పిల్లలు ఉన్నరు ఇప్పుడు, ఫోన్ల చూస్తరు. కానీ పిల్లగానికి జరమొస్తె రాత్రంత ఎత్తుకొని తిరిగేది అత్తమ్మ, పొద్దుగాల కోడలు కూలికి పోతె చూసుకునేది అత్తమ్మ. ఆమె "మొన్ననే తేరుకుండు, గిప్పుడు మల్ల సూదెందుకు" అంటె కోడలు ఏం మాట్లాడదు. అత్తను వేరెగ అడగండి, కోడలును వేరెగ అడగండి. ఇద్దరిని ఒక్కదగ్గర కూసోబెడితె అత్త చెప్తది, కోడలు నేల చూస్తది. మా దగ్గర కోడళ్లు మంచిగ మాట్లాడేది బోరింగు కాడ, లేకుంటె అంగన్‌వాడీకి గుడ్లు పాలు తీసుకపోను వచ్చినప్పుడు.

మొగోళ్లను మర్చిపోకండి. వాట్సాప్‌ల వచ్చేటియి ఇంటికి తెచ్చేది వాళ్లే. 2017 ఆగస్టుల మన రెండు రాష్ట్రాల్ల ఎంఆర్ క్యాంపెయిన్ అయినప్పుడు తొమ్మిది నెలల సంది పదిహేనేండ్ల దాక అందరికి ఏసినం గద, అప్పుడు స్కూలుకొచ్చి మా పిల్లకు ఏయొద్దని చెప్పిపోయినోళ్లు మా దగ్గర తండ్రులే ఎక్కువ. తల్లులను పట్టుకొని ఎంత మీటింగు పెడితె ఏముంది.

ఇంకొకటి, మొదటి కాన్పు పుట్టింట్ల అయితది. మూడు నెలలో అయిదు నెలలో ఆడనే ఉంటది, ఆరు వారాలు, పది, పద్నాలుగు వారాల డోసులన్ని ఆడ పడాలె. ఇక్కడ టీకా ఎయ్యాల్సిన పిల్లల పేర్లుండే నా డ్యూ లిస్టుల ఆ పిల్లగాడు పెండింగ్ కనిపిస్తడు, ఆడి ఏఎన్ఎంకు ఆమె బయటి ఊరి మనిషి. మీరు ఇల్లు ఇల్లు అంటున్నరు గద, ఏ ఇల్లు మేడం? మొదటి పిల్లగాని టీకాల సంగతి తెల్వాలంటె అమ్మగారింటికి ఫోన్ చేసైన అడగాలె.

కార్డు చూసేటప్పుడు మా దగ్గరున్న కౌంటర్‌ఫాయిల్, అంటె కార్డు రెండో ముక్క, అది కూడ అడిగి చూడండి, ట్రాకింగ్ బ్యాగుల ఉంటయి. ఇంట్ల కార్డు పోయినా డోసులు దాంట్ల దొరుకుతయి.

లెక్కల_మనిషి:

పైన ఇద్దరూ బాగా చెప్పారు, నేను శాంపిల్ సంగతి ఒక్కటే చెప్తాను.

మీ గైడ్ గారి మనసులో బహుశా 30 క్లస్టర్లు, అంటే ఊళ్ళో వాడలో, క్లస్టర్‌కి ఏడుగురు పిల్లలు, మొత్తం 210 అనే పాత ఈపీఐ టీకాల సర్వే ఉండుంటుంది, కమ్యూనిటీ మెడిసిన్‌లో అందరం అదే చదువుకున్నాం. అది ఎంతమందికి టీకా పడిందో అటూ ఇటూ పది పాయింట్ల తేడాతో చెప్పడానికి పెట్టిన పద్ధతి, అభిప్రాయాలు తెలుసుకోవడానికి కాదు. మొదటి ఇల్లు ఎంచుకుని అక్కణ్ణుంచి పక్క పక్క ఇళ్ళకి వెళ్ళిపోవడం అందులో ఉన్న పెద్ద బలహీనత, ఊరి మధ్యలో మొదలుపెడితే ఊరి చివర గుడిసెలు రానే రావు, డబ్ల్యూహెచ్‌ఓ కూడా 2018 మాన్యువల్‌లో దాన్ని వదిలేసి ప్రాబబిలిటీ శాంప్లింగ్, అంటే లాటరీ తీసినట్టు ఇళ్ళు ఎంచుకోవడం, చెయ్యమంది.

మీకు కావాల్సింది మూడు రకాల ఇళ్ళు. అన్నీ వేయించినవి, మధ్యలో ఆపేసినవి, ఒక్కటీ వేయించనివి. చివరి రకాన్ని జీరో డోస్ అంటారు, లెక్కకి పెంటా మొదటి డోసు పడని పిల్లలు. ఈ మూడింటినీ కలిపి సగటు తీస్తే ఏ ఇంటి సంగతీ తెలియదు. మధ్యలో ఆపేసినవాళ్ళకి టీకా రుచి తెలుసు, అందులో ఏదో జరిగి ఆగారు, జీరో డోస్ వాళ్ళ దగ్గరికి ఎవరూ రాకపోయి ఉండొచ్చు, వచ్చినా తలుపు తియ్యకపోయి ఉండొచ్చు. ఇవి వేరు వేరు కథలు.

ఎన్ని ఇంటర్వ్యూలు అన్నదానికి గెస్ట్ అనే పరిశోధకుడి బృందం 2006 పేపర్ అందరూ చూపిస్తారు, ఒకే రకం మనుషులైతే పన్నెండు ఇంటర్వ్యూల దగ్గరికి కొత్త విషయాలు రావడం బాగా తగ్గిపోతుందని. అక్కడ ఒకే రకం అన్న మాట ముఖ్యం. మీకు మూడు రకాల ఇళ్ళు, ఒక్కో ఇంట్లో తల్లి, అత్త, తండ్రి. కాబట్టి పన్నెండు అని ఎథిక్స్ కమిటీకి రాసేసి కూర్చోకండి, ఒక్కో గుంపుకి ఎప్పుడు కొత్తమాట రావడం ఆగిందో రాసుకుంటూ వెళ్ళండి.

పేర్ల జాబితా కోసం డ్యూ లిస్ట్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, వలసెళ్ళినవాళ్ళు, వేరే ఊరి నుంచి వచ్చి ఇటుక బట్టీల దగ్గర ఉండేవాళ్ళు అందులో ఉండకపోవచ్చు. మనం వెతికేది సరిగ్గా వాళ్ళనే. రెండు మూడు ఊళ్ళల్లో అయినా సొంతంగా ఇంటింటికీ తిరిగి లిస్ట్ తయారుచేసుకోండి.

కార్డు ఉన్నవాళ్ళని మాత్రమే తీసుకుందాం అనే ఆలోచన కూడా వద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో దేశం మొత్తానికి 12 నుంచి 23 నెలల పిల్లల్లో పూర్తి టీకాలు 76.4 శాతం, కార్డు చూపించిన పిల్లల్ని మాత్రమే తీసుకుంటే 83.8 శాతం. కార్డు దాచుకున్న ఇల్లు వేరే రకం ఇల్లు అని ఆ తేడాయే చెప్తోంది. కార్డు లేనివాళ్ళకి పండగల లెక్క పెట్టండి, పుట్టింది ఉగాది ముందా తర్వాతా, పీర్ల పండక్కి పాకుతున్నాడా, అప్పటికి ఎన్ని సూదులు పడ్డాయి అని అడిగితే తేదీలు గుర్తులేని మనిషికి కూడా వరస గుర్తుంటుంది. సూదులు వేరుగా, చుక్కలు వేరుగా అడగండి, పల్స్ పోలియో ఆదివారం వేసిన చుక్కల్ని కూడా టీకాల్లో కలిపి చెప్పే ఇళ్ళు ఉంటాయి.

గుంటూరు_అమ్మాయి:

నేను డాక్టర్ని కాదండి, ఇద్దరు పిల్లల తల్లిని, మాది మిరప చేలున్న ఊరు, అందుకని రాస్తున్నాను.

మీ వైపు నుంచి కోతలకొచ్చే కుటుంబాలు మా పొలాల దగ్గర పట్టాలు కప్పుకుని గుడిసెలేసుకుని ఉంటారు. పిల్లల్ని చెట్టుకి చీర ఉయ్యాల కట్టి అందులో పడుకోబెట్టి కోస్తారు. ఆ ఘాటుకి పిల్లలు దగ్గుతూ తుమ్ముతూనే ఉంటారు. ఒకసారి ఒకామెని మీ బాబుకి టీకాలు వేయించారా అని అడిగితే కార్డు ఊళ్ళో పెట్టెలో ఉంది అక్కా, తిరిగెళ్ళాక వేయిస్తా అంది. మా ఊళ్ళోనే వేస్తారు కదా వెళ్ళకూడదా అంటే మాకు ఇక్కడ వేస్తారా అని ఆమే నన్ను ఎదురడిగింది. ఆమెకి టీకా మీద అనుమానం లేదు, తనకి ఇక్కడ హక్కుందో లేదో అన్నదే అనుమానం. ఇంకోటి, ఆ వారం పని పోతే మేస్త్రీ ఊరుకోడు, అడ్వాన్సు తీసుకుని వచ్చారు మరి.

మీ ఊళ్ళల్లో కూర్చుని ఆమెని అడిగితే ఈ సంగతి చెప్తుందో లేదో తెలీదు. మీకు వీలైతే కోతల టైమ్‌లో ఇక్కడికొచ్చి మాట్లాడండి. పగలు రాకండి, కోసిన బస్తాని బట్టి కూలి, మీతో మాట్లాడితే ఆమెకి డబ్బులు పోతాయి. సాయంత్రం పొయ్యి వెలిగించుకునే టైమ్‌కి వస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

పీజీ_కమ్యూనిటీమెడిసిన్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఏఎన్ఎం అక్క చెప్పిన పుట్టింటి సంగతి, గుంటూరు అక్క చెప్పిన పెట్టెలో కార్డు సంగతి నా ప్రొటోకాల్‌లో ఎక్కడా లేవు, రెండూ రాసుకున్నాను.

ఇంకో రెండు డౌట్లు. వేయించం అని గట్టిగా చెప్పే ఇళ్ళు కొన్ని ఉన్నాయి, అక్కడ ప్రశ్న అడగ్గానే మాటలు ఆగిపోతున్నాయి. రికార్డర్ పెడదామంటే ఇంకా భయపడుతున్నారు, సంతకం అనగానే ఆస్తి కాగితాలేమో అన్నట్టు చూస్తున్నారు. రెండోది, వాళ్ళు తప్పుగా ఏదైనా అంటే అక్కడే సరిచెయ్యాలా? డాక్టర్‌గా నాకు ఊరుకోబుద్ధి కావట్లేదు.

భద్రాచలం_వాసి:

సంతకం గురించి వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదండి, మా ప్రాంతానికి ఇది బాగా తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపాయి. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్ళల్లో చదువుకునేవాళ్ళు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట ఎన్నో ఫారాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలొచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకీ టీకాకీ సంబంధం లేదనే విచారణలో తేలింది, కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ అనుమతుల తీరుని గట్టిగా తప్పుపట్టింది. మా బిడ్డకి ఏం వేస్తున్నారో మాకు చెప్పలేదు అన్న మాట టీకా ఎంత మంచిదైనా తుడిచిపెట్టుకుపోదు. టీకా వద్దన్న ఇంట్లో మీరు ముందు వెతకాల్సింది మూఢనమ్మకం కాదు, ఇంతకుముందు ఆ ఇంటికి ఆసుపత్రితోనో ప్రభుత్వంతోనో ఏం జరిగిందన్నది. టీకా మాట ఎత్తకుండా "ఇంతకుముందు పిల్లలకి బాగోకపోతే ఎక్కడికి తీసుకెళ్ళారు, అక్కడ ఎలా చూసుకున్నారు" అని అడగండి, వాళ్ళే అక్కడికొస్తారు.

కాగితం విషయానికొస్తే, చదువురానివాళ్ళకి మీ టీమ్‌తో సంబంధం లేని సాక్షి ముందు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవచ్చు. ఆ సాక్షిని వాళ్ళనే ఎంచుకోనివ్వండి. రికార్డర్ వద్దంటే వద్దు, ఇద్దరు వెళ్ళండి, ఒకళ్ళు మాట్లాడుతుంటే ఒకళ్ళు రాసుకోండి, బయటికి రాగానే అదే రోజు పూర్తిగా రాసెయ్యండి.

సర్వే_మాస్టారు:

మాటలు ఆగిపోయే ఇళ్ళకి ఇంకో దారి ఉంది. వాళ్ళ గురించి కాకుండా ఇంకొకళ్ళ కథ చెప్పి అడగండి. "పక్క మండలంలో ఒకామె ఉంది, మొదటి సూదికి బిడ్డకి రెండు రోజులు జ్వరం, కాలు వాచింది. పది వారాలకి మళ్ళీ రమ్మన్నారు. ఆమె వెళ్దామంటుంది, అత్తగారు వద్దంటోంది, భర్త ఊళ్ళో లేడు. ఇప్పుడు ఆమె ఏం చేస్తుందంటారు?" ఇలా. అదే కథలో అత్తని తీసేసి భర్తని పెట్టి, లేదా అదివరకు ఆ ఇంట్లో ఒక బిడ్డకి తట్టు వచ్చినట్టు మార్చి ఇంకో ఇంట్లో అడగండి. ఏది మారిస్తే జవాబు మారుతోందో చూస్తే ఆ ఊళ్ళో నిర్ణయం దేనిమీద ఆధారపడుతోందో బయటపడుతుంది. కథ మాత్రం ఆ ఊళ్ళో ఎవరిదీ కాకూడదు, లేకపోతే ఫలానా ఇంటి గురించేనని మధ్యాహ్నానికల్లా ఊరంతా అనుకుంటారు.

సరిచెయ్యడం గురించి, ఇంటర్వ్యూ మధ్యలో వద్దు. మీరు ఒక్కసారి సరిచేశారంటే ఆ తర్వాత వచ్చేవన్నీ మళ్ళీ "మంచివే మేడం" జవాబులే. అయితే వినేసి లేచి వచ్చెయ్యడం కూడా డాక్టర్ చేసే పని కాదు. అన్నీ అయిపోయి పుస్తకం మూసేశాక "మీరేమైనా అడుగుతారా" అనండి. తప్పకుండా అడుగుతారు, జ్వరమొస్తే ఏం చెయ్యాలి, ఆలస్యమైతే మళ్ళీ మొదట్నుంచీ వెయ్యాలా అని. మొదట్నుంచీ అక్కర్లేదు, ఆగిన దగ్గర్నుంచే కొనసాగించొచ్చు అని చెప్పండి, తిడతారేమోనని సబ్ సెంటర్‌కి వెళ్ళడం మానేసిన తల్లులకి ఆ ఒక్కమాట చాలా అవసరం. ఆ ప్రశ్నలు కూడా రాసుకోండి, వాళ్ళ అనుమతితో అవి కూడా డేటాయే.

వీలైతే ఒకట్రెండు సెషన్లు ఊరికే కూర్చుని చూడండి. టీకా వేశాక ఏఎన్ఎం నాలుగు మాటలు చెప్పాలి, ఏ టీకా వేశాం దేనికోసం, ఏమవ్వొచ్చు అయితే ఏం చెయ్యాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త అని. చెప్పాక అరగంట కూర్చోబెట్టాలి. రద్దీలో ఎన్ని చెప్పగలుగుతున్నారో చూసి, బయటికొచ్చే తల్లిని ఏం చెప్పారమ్మా అని అడిగితే ఇంటికి ఏ మాట చేరుతోందో తెలుస్తుంది.

ఏఎన్ఎం_పాలమూరు:

సార్ చెప్పింది నిజమే, ఆ నాలుగు ముచ్చట్లు మేము అందరికి చెప్పలేకపోతం, ఒక దిక్కు పిల్లలు ఏడుస్తుంటరు, ఒక దిక్కు రిజిస్టరు, ఒక దిక్కు ఫోన్ల ఎంట్రీ. మేడం మీరు సెషన్ చూడనీకి వస్తె తప్పులు ఏరనీకి వచ్చిండ్రని మా వాళ్లు భయపడ్తరు, ముందుగాల ఏఎన్ఎంతో కూసోని మాట్లాడండి, ఆమెను కూడ ఇంటర్వ్యూ చెయ్యండి. ఏ ఇంట్ల ఎందుకు ఆగిందో మాకు చానా వరకు తెలుసు, మమ్మల్ని ఎవరు అడగరు గంతే.

పీజీ_కమ్యూనిటీమెడిసిన్:

తప్పకుండా అక్కా, ఏఎన్ఎంలు, ఆశాల ఇంటర్వ్యూలు కూడా కలుపుతున్నాను. ఐదు ఆప్షన్ల ప్రశ్నావళి పక్కన పెట్టి ఈ వారం గైడ్ గారికి కొత్త ప్లాన్ ఇస్తాను, వలసకి ముందు ఊళ్ళల్లో ఒక విడత, కోతల టైమ్‌లో గుంటూరు వైపు ఇంకో విడత, ఆ తర్వాతే సర్వే. గుంటూరు అక్కా, మీ వైపు కోతలు మామూలుగా ఎప్పుడు మొదలవుతాయి, గుడిసెలు ఎక్కువగా ఏ మండలాల్లో వేస్తారో చెప్పగలరా? ఎథిక్స్ కమిటీకి రెండు జిల్లాల పేర్లూ ముందే రాయాలి.